నలభై మూడో భాగం

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి మూడున్నర దాకా. ఆ గంటన్నర నాది. డ్రమ్ములు నిండేదాకా పైపు పట్టుకుని అక్కడే ఉండాలి కాబట్టి నాకు ఇంకో పని చెప్పడానికి ఎవరికీ వీలుండదు. మా అత్తమ్మ లీలమ్మ లోపల మంచం మీద కునుకు తీస్తుంటుంది. మా ఆయన బాబురావు బస్సు డిపోలో మెకానిక్, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. మా సోనీ స్కూల్లో ఉంటుంది. నేను బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఎడమ చేత్తో పైపు, కుడి చేత్తో ఫోను పట్టుకుని, బొటనవేలితో నవల రాసేదాన్ని.

నవల అని నేనంటాను. మా ఇంట్లో దాని పేరు ఫోను గెలుకుడు. "కూర మాడిన వాసన ఇంటి ముందటోళ్ళకు తెలుస్తది గానీ దీనికి తెల్వదు" అని అత్తమ్మ వచ్చినవాళ్ళతో అంటుంటుంది. మా ఆయన అంతకూడా అనడు. అన్నం ముందు కూర్చుని కంచం కొంచెం ముందుకు నెడతాడు, అంటే పక్కన నీళ్ళు పెట్టలేదని. ఇంకొంచెం నెడితే కూరలో ఉప్పు లేదని. పదిహేనేళ్ళ కాపురంలో మా మాటల్లో సగం ఆ నెట్టడమే. ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండు రోజులు లేవలేకపోతే, "ఇంట్ల ఉండేదానివి, నీకేం అలసట" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆయన గ్రీసు మరకల ఖాకీ బట్టల్ని వారానికి మూడుసార్లు వేడినీళ్ళలో నానబెట్టి బ్రష్షు కొట్టే నా భుజం ఏమంటుందో చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పడం కూడా ఒక పనే కదా, చేసేవాళ్ళకు తెలుస్తుంది.

నా నవల పేరు 'బోర్డు మీద నా పేరు'. ఫోన్లో కథలు చదువుకునే ఒక యాప్‌లో, మధుర అనే పేరుతో భాగాలు భాగాలుగా రాసేదాన్ని. వెన్నెల అనే ఇంటర్ అమ్మాయి, ఆమెకు కెమిస్ట్రీ చెప్పే సార్. మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెత్తటి గొంతు, లోకమంతా అపార్థం చేసుకున్నా ఆ పిల్ల ఒక్కతే అర్థం చేసుకున్న మనిషి. అరవై రెండు భాగాలయ్యాయి. వేలమంది చదివేవారు, అందులో ఎక్కువ మంది ఆడపిల్లలు. 'సార్‌కి, వెన్నెలకి పెళ్ళెప్పుడు మేడం', 'మా కాలేజీలో ఇలాంటి సార్ ఎందుకు లేడు' అని కింద రాసేవారు. మేడం అని నన్ను లోకంలో పిలిచేది వాళ్ళొక్కరే. గిన్నెలు తోముతూ ఆ మాటల్ని మనసులో ఒకటికి రెండుసార్లు చదువుకునేదాన్ని. అది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

మా పై వాటాలో సావిత్రక్క వాళ్ళుంటారు. సావిత్రక్క లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె భర్త బాలనర్సింహ లారీ మీద పోతే వారం పది రోజులు రాడు. వాళ్ళకొక్కతే కూతురు, రూప. ఇంటర్ మొదటి సంవత్సరం, సంతోష్‌నగర్ వైపు ఒక ప్రైవేటు కాలేజీ. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక తల్లి వచ్చేదాకా మా ఇంట్లోనే ఉండేది. సోనీకి లెక్కలు చెప్పేది, నేను ఉడకబెట్టిన శనగలు తినేది, నా చున్నీ తీసుకుని తన మీద వేసుకుని చూసుకునేది. నవ్వితే ముందు పన్ను మీద చిన్న విరుపు కనిపిస్తుంది.

కిందటి నవంబర్‌లో ఒక గురువారం, నల్లా వచ్చే వేళకే రూప కాలేజీ నుంచి వచ్చేసింది. తలనొప్పి అని చెప్పింది గానీ మొహంలో తలనొప్పి లేదు. మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది. ఏంటమ్మా అంత నవ్వు అని అడిగాను. కథ అంది. మీరు కూడా చదవండి ఆంటీ, మా క్లాసులో సగం మంది చదువుతున్నారు అని పేరు చెప్పింది. నా నవల పేరు.

నిజం చెప్తాను, ఆ క్షణం నాకు చెప్పలేనంత సంతోషమేసింది. కళ్ళముందు కనబడే మనిషి నా రాతను చదువుతుంటే చూడడం అదే మొదటిసారి. నేనే రాశానని చెప్పేయబోయాను. అంతలో రూప గొంతు తగ్గించింది.

"అందరు తమంతట తాము చదువుతున్నరు ఆంటీ. నాకు మాత్రం మా సారే పంపిండు."

ఫోను నా ముందు పెట్టింది. నలభై మూడో భాగం. దాని కింద వాళ్ళ ఫిజిక్స్ సార్ జగదీశ్వర్ రాసిన రెండు వాక్యాలు. ఇందులో వెన్నెల నువ్వే రూపా. నువ్వు నీ వయసు పిల్లల్లా లేవు.

డ్రమ్ము పొంగి నీళ్ళు గల్లీలోకి పోతున్నాయి. లోపల్నుంచి అత్తమ్మ, నీళ్ళు పోతున్నయ్ చూసుకోరాదా అని కేకేసింది. పైపు పక్క డ్రమ్ములోకి మార్చాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ఆ నలభై మూడో భాగం గురించి చెప్పాలి. అందులో సార్ వెన్నెలను ఒక ఆదివారం తన స్నేహితుడి గదికి రమ్మంటాడు, డౌట్లు చెప్తానని. వాన పడుతుంటుంది. సార్ ఆమెకు టీ పెట్టి ఇస్తాడు. తన చిన్నతనంలో తల్లి పోయిన సంగతి చెప్తాడు. ఆమె కొనవేలు కూడా ముట్టుకోడు. వాన తగ్గాక గొడుగు ఇచ్చి బస్టాపు దాకా వచ్చి పంపిస్తాడు. నా నవల మొత్తంలో పాఠకులకు ఎక్కువ నచ్చింది ఆ భాగమే. 'నువ్వు నీ వయసు పిల్లల్లా లేవు' అని సార్ అనేది కూడా అందులోనే.

ఆ మాట నేను పుట్టించింది కాదు. రెండు వేల ఆరులో, మల్కాజిగిరిలో పుట్టింట్లో ఉన్నప్పుడు, నాకు కెమిస్ట్రీ చెప్పిన సార్ నాతో అన్నాడు. ఆయన కూడా చొక్కా చేతులు మడిచే వేసుకునేవాడు. ఆయన కూడా ఒక ఆదివారం స్నేహితుడి గదికి రమ్మన్నాడు. నేను వెళ్ళాను. అక్కడ నాకెవరూ టీ ఇవ్వలేదు. ఏం జరిగిందో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా అంతకంటే చెప్పను. తర్వాత ఆయన రాసిన ఉత్తరమొకటి నా రికార్డు బుక్కులో మా నాన్నకు దొరికింది. మా నాన్న నన్ను కొట్టి, ఆ దెబ్బల మొహంతోనే కాలేజీకి తీసుకెళ్ళాడు. ప్రిన్సిపాల్ ముందు సార్ నెమ్మదిగా, ఎంతో బాధపడుతున్నట్టు, ఆ అమ్మాయే నా వెంట పడింది, నేను చాలాసార్లు మందలించాను అన్నాడు. మా నాన్న ఆయనకు దండం పెట్టి క్షమించమన్నాడు. నాకు టీసీ ఇచ్చారు. మూడేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు. ఈ పక్కన మా సంగతి తెలిసినవాళ్ళు లేరని వెతికి వెతికి పాతబస్తీ జహనుమాలో సంబంధం చూశారు. ఆయన మాత్రం అదే కాలేజీలో ఉన్నాడు. తర్వాత వైస్ ప్రిన్సిపాల్ అయ్యాడని విన్నాను. ఇన్నేళ్ళ తర్వాత నేను బకెట్ మీద కూర్చుని ఆ ఆదివారాన్ని మళ్ళీ రాసుకున్నాను. వాన పెట్టాను, టీ పెట్టాను, గొడుగు పెట్టాను. నా బతుకులో అదొక్కటైనా అందంగా ఉండాలని. ఇప్పుడు ఆ టీ, ఆ గొడుగు చూపించి ఇంకో మనిషి ఇంకో పిల్లను పిలుస్తున్నాడు.

ఎక్కడికైనా రమ్మన్నాడా అని రూపను అడిగాను. నా గొంతు మామూలుగానే వచ్చింది.

"ఈ ఐతారం ఆంటీ. సార్ ఫ్రెండ్ రూముందంట, స్పెషల్ క్లాస్ అన్నడు. మా అమ్మకు చెప్పకుండ్రి. సార్ మస్తు మంచోడు."

పైపు కింద పడేశాను. నీళ్ళు పోతే పోనీ అనుకున్నాను. రూప పక్కన మెట్టు మీద కూర్చుని, ఆ నవల రాసింది నేనేనని, అది నిజంగా ఎలా జరిగిందో తనకు చెప్తానని, ఆ రూముకు వెళ్ళొద్దని చెప్పాను. రూప నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ముందు నవ్వింది. నేను ఫోన్లో మధుర పేరుతో ఉన్న ఖాతా తెరిచి, ఇంకా యాప్‌లో పెట్టని అరవై మూడో భాగం సగం రాసింది చూపించాను. అప్పుడు నవ్వు పోయింది. నాకు జరిగింది చెప్పగలిగినంత చెప్పాను. ఎన్నడూ బయటికి రాని మాటలు కాబట్టి పొందిగ్గా రాలేదు.

"మరి గట్లెందుకు రాసిన్రు?" అంది రూప.

"గట్ల జరిగి ఉంటే బాగుండునని" అన్నాను.

మా సార్ మీ సార్ ఒకటి కాదు అని, నేను ఓర్వలేక చెప్తున్నానని అంది. ఫోను తీసుకుని పైకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సోనీకి లెక్కలు చెప్పడానికి రాలేదు.

నేను అన్నం వండాను, చారు పెట్టాను, కంచం పక్కన నీళ్ళు పెట్టాను. మనసులో మాత్రం ఒకటే ఆలోచన. సావిత్రక్కకు చెప్తే రూప చదువు ఆగిపోతుంది, నాకు ఆగినట్టే. చెప్పకపోతే ఆదివారం వస్తుంది. చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీకెట్ల తెలుసని ఎవరైనా అడుగుతారు. చెప్తే అది ఈ ఇంటికి చేరుతుంది. ఈ ఇంట్లో నేను ఏ పేరూ లేకుండా పదిహేనేళ్ళు నెట్టుకొచ్చాను, అదే నా రక్షణ. ఎటు తిప్పి చూసినా ఎవరో ఒక ఆడపిల్ల నష్టపోతోంది. ఆ సార్ మాత్రం ఏ లెక్కలోనూ నష్టపోవడం లేదు. అది తట్టినప్పుడు నాకు కోపం రాలేదు, మస్తు అలసట వచ్చింది. ఒక్కోసారి అలసట కూడా మనిషిని లేపి నిలబెడుతుంది. ఇక మోయలేనిది ఏదో ఒకటి కిందికి దించాలి కదా.

శుక్రవారం పొద్దున అత్తమ్మకు మోకాళ్ళ మందు తెస్తానని చెప్పి లాడ్ బజార్‌కు వెళ్ళాను. పెళ్ళి గాజుల కోసం వచ్చిన నలుగురు ఆడవాళ్ళకు సావిత్రక్క జతలు చూపిస్తూ, ఒకామె చేతికి ఎక్కిస్తూ ఉంది. వాళ్ళు వెళ్ళేదాకా బయట నిలబడ్డాను. తర్వాత దుకాణం వెనక అట్టపెట్టెల మధ్య ఇద్దరం కూర్చున్నాం. ముందు నాది చెప్పాను, తర్వాత రూపది చెప్పాను. అలా చెప్తేనే నాకు ధైర్యం వచ్చింది.

సావిత్రక్క విన్నంతసేపు చేతిలో ఉన్న గాజును తిప్పుతూనే ఉంది. విన్నాక, "రేపటి సంది కాలేజ్ బంద్" అంది.

"మా నాయన గూడ గదే అన్నడక్కా. నన్ను బంద్ చేసిన్రు. ఆయన అక్కడనే పాఠం చెప్పుకుంట ఉన్నడు."

ఆమె గాజు కింద పెట్టింది. బయట ఎవరో రాళ్ళ గాజుల ధర అడుగుతున్నారు. యజమాని పిలిచాడు, వస్తున్నానని చెప్పింది గానీ లేవలేదు. తను పదో తరగతి ఫెయిలై ఈ పనిలో చేరానని, రూపనైనా నర్సింగు చదివించాలని ఎంత అనుకుందో నాకు చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. ఇప్పుడేం చేద్దామని అడిగింది. కాలేజీకి పోదాం, పిల్లను తీసెయ్యడానికి కాదు, వాణ్ణి తీసేయించడానికి అన్నాను.

"నువ్వొస్తవా? మీ ఇంట్ల తెలుస్తది గద రాహేలు" అంది.

"తెలుస్తది" అన్నాను.

శనివారం పదింటికి వెళ్ళాం. రూప రాలేదు. సావిత్రక్క పొద్దున అడిగి ఫోను తీసుకుంటే, రూప ఇచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుందట. ప్రిన్సిపాల్ వెంకటనారాయణ పెద్దాయన, మర్యాదగా కూర్చోమన్నాడు. ఫోన్లో మాటలన్నీ చదివాడు. చదువుతున్నకొద్దీ కుర్చీలో వెనక్కి జరిగాడు. జగదీశ్వర్‌ను పిలిపించాడు. ముప్పై దాటిన మనిషి, వేలికి పెళ్ళి ఉంగరం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఆ చేతుల్ని నేను అరవై రెండు భాగాల్లో ఎన్నిసార్లు వర్ణించానో. అతను ఫోను వంక చూసి, పిల్ల డిప్రెషన్‌లో ఉంటే ధైర్యం చెప్పానని, ఆ పిల్లే రోజూ మెసేజీలు పెడుతుందని, తను చాలాసార్లు మందలించానని అన్నాడు. నెమ్మదిగా, ఎంతో బాధపడుతున్నట్టు.

ప్రిన్సిపాల్ అతన్ని బయటికి పంపి మా వైపు తిరిగాడు. పిల్ల భవిష్యత్తు ముఖ్యమన్నాడు. లొల్లి చేస్తే పేరు పోయేది పిల్లదేనన్నాడు. టీసీ ఇప్పిస్తాను, ఇంకో మంచి కాలేజీలో చేర్పించండి, నేనే ఫోను చేసి చెప్తానన్నాడు. సావిత్రక్క నా వైపు చూసింది. అప్పుడాయన కూడా నా వైపు చూసి, "మధ్యల మీరెవరమ్మా?" అని అడిగాడు.

"ఆయన పిల్లకు పంపిన కథ రాసింది నేను సార్. పదహారేండ్లప్పుడు నాకు జరిగినదాన్ని మంచిగ చేసి రాసిన. అప్పుడు గూడ గిట్లనే ఒక ప్రిన్సిపాల్ ముందట మా సారు గిదే మాట అన్నడు. టీసీ నాకిచ్చిన్రు. ఈసారి ఆయనకియ్యండి."

సావిత్రక్క లేచి నిలబడి, ఫోను తన సంచిలో పెట్టుకుని, మేం ఇక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కే పోతున్నం సార్, మీరేం చేస్తరో మీ ఇష్టం అంది. ఆ మాట ఆమె అంటుందని నేననుకోలేదు.

స్టేషన్‌లో కాగితం రాసిచ్చాం. నేను కూడా ఒక కాగితం రాశాను, సాక్షిగా. రాయడం నాకు అలవాటే అనుకున్నాను గానీ, ఆ అరపేజీ రాయడానికి గంట పట్టింది. ఎక్కడా వాన లేదు, గొడుగు లేదు. నా పేరు రాశాక భర్త పేరు, ఆయన ఫోను నంబరు కూడా రాయమన్నారు. రాశాను.

జగదీశ్వర్‌ను సోమవారమే తీసేశారని తెలిసింది. కేసు నడుస్తోంది. ఇప్పటికి మమ్మల్ని మూడుసార్లు స్టేషన్‌కు పిలిచారు, మూడుసార్లూ చాలాసేపు కూర్చోబెట్టారు. రూప అదే కాలేజీలో చదువుతోంది. మొదట పోనని మొండికేస్తే సావిత్రక్క పదిహేను రోజులు పనికి పోకుండా దింపి వచ్చింది. రూప నాతో మాట్లాడదు. మెట్లు దిగుతూ నేను ఎదురైతే ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకుంటుంది. నేను తన సార్‌ను లాగేసుకున్నదాన్ని. నా నుంచి కూడా పదహారేళ్ళప్పుడు ఎవరైనా ఆయన్ను అలా లాగేసుకుని ఉంటే, వాళ్ళను జన్మంతా తిట్టుకునేదాన్నేమో. అందుకే ఆ పిల్ల తల దించుకున్న ప్రతిసారీ పక్కకు జరిగి దారి ఇస్తాను.

నలభై మూడో భాగాన్ని తీసేసి మళ్ళీ రాశాను. టీ లేకుండా రాశాను. మా సార్‌ను ఎందుకు పాడు చేశారని వందలమంది తిట్టారు, చాలామంది చదవడం మానేశారు. ఆరుగురు మాత్రం కింద అందరికీ కనబడేలా కాకుండా నాకొక్కదానికే రాశారు. మేడం అని కాదు, అక్కా అని. వాళ్ళందరికీ నేను జవాబు రాస్తూనే ఉన్నాను.

కాగితం రాసిచ్చిన శనివారమే స్టేషన్ నుంచి ఫోను మా ఆయనకే వెళ్ళింది. డిపో నుంచి ఆ రోజు తొందరగా వచ్చాడు. బట్టలు మార్చుకోకుండా కుర్చీలో కూర్చుని అంతా నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను.

"పదిహేనేండ్లు మంచిగనే దాచినవ్" అన్నాడు.

నీకు ఏమైందని అడగలేదు. ఎవడు వాడని కూడా అడగలేదు. దాచిందొక్కటే ఆయనకు అందింది. అత్తమ్మ గోడవైపు చూస్తూ, పిల్ల పెండ్లీడుకొస్తున్నది, గిప్పుడు మన కొంపల గీ లొల్లి ఏందని ఏడ్చింది. ఆ తర్వాతి వారం ఆదివారం చర్చిలో మా వరసలో నా పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆయన వచ్చి వెనక, మగవాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను మునుపటిలాగే బట్టలు ఉతుకుతున్నాను, వండుతున్నాను. ఆయన కంచం ముందుకు నెట్టినప్పుడు మాత్రం, ఏం కావాలో నోటితో చెప్పమని అడుగుతున్నాను. మొదటి రెండు రోజులు చెప్పకుండా అలాగే తిని లేచాడు. మూడో రోజు, "నీళ్ళు" అన్నాడు.

చర్చి నుంచి వచ్చిన ఆ ఆదివారం మధ్యాహ్నమే, తలంటు పోసుకున్న సోనీకి ఎండలో కూర్చుని జడ వేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు తలుపులేసుకుని మాట్లాడుకున్న మాటలన్నీ దానికి వినబడే ఉంటాయి, వారం నుంచి నన్ను ఏమీ అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్ల, పద్నాలుగేళ్ళు నిండాయి. చిక్కు తీస్తుంటే అటు తిరిగే అడిగింది.

"అమ్మా, అప్పుడు నీకెన్నేండ్లు?"

"పదహారు" అన్నాను.

కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత, ఇందులో అంత ఆలోచించడానికి ఏముందన్నట్టు, "చిన్నపిల్లవు గదమ్మా మరి" అంది.

దువ్వెన దాని జుట్టులోనే ఆగిపోయింది. ఆ మాట నాతో మా అమ్మ అనలేదు, నాన్న అనలేదు, ప్రిన్సిపాల్ అనలేదు, బాబురావు అనలేదు. అరవై రెండు భాగాలు రాసిన నేను, ఒక్కసారైనా అనుకోలేదు.